ఎక్కించిన ప్లేట్‌లెట్లు ఎటు పోతున్నాయి?

ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది డెంగీ ఒక్కటే. అందులో తప్పేం లేదు, ఏటా వానాకాలం దాటేలోపు వీధికి ఒకరికైనా వస్తుంది, కౌంట్ అనే మాట బడి మొహం చూడని ముసలమ్మల నోట్లో కూడా నానిపోయింది. కానీ కొందరుంటారు, జ్వరం ఉండదు, ఒళ్లునొప్పులుండవు, మనిషి లేచి తిరుగుతూనే ఉంటుంది, కాళ్ల మీద ఆవగింజంత ఎర్రచుక్కలు తప్ప బయటికి ఏమీ కనబడదు, రక్తం తీసి మిషన్‌లో పెడితే మాత్రం తొమ్మిది వేలు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సిన చోట తొమ్మిది వేలు. ఇంట్లోవాళ్లు ఇక డెంగీ లెక్కలే వేస్తారు: బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు, డ్రాగన్ ఫ్రూట్, రక్తదాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు. నేను గుంటూరులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను, ఇది తరచూ చూస్తుంటాను. ఈ జబ్బు పేరు ఐటీపీ, ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. మన రోగనిరోధక వ్యవస్థే మన ప్లేట్‌లెట్లను నాశనం చేయడం.

మొన్నామధ్య ఒక పెద్దాయన కౌంటర్ దగ్గరికొచ్చి నిలదీశాడు. "బాబూ, నిన్న సాయంత్రం అమ్మాయికి ఎస్‌డీపీ (ఒకే దాత ఇచ్చిన ప్లేట్‌లెట్లు) ఎక్కించారు. ముప్పై, నలభై వేలన్నా పెరుగుతాయన్నారు. పొద్దున చూస్తే మళ్లీ పది వేలే అంటున్నారు. మీ మిషన్ సరిగ్గా ఉందా అసలు?" మిషన్ బాగానే ఉంది బాబాయ్ గారూ అన్నాను కానీ ఆయన నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? ఎవరో ఒక కుర్రాడు పని మానుకుని వచ్చి, చేతికి సూది పెట్టించుకుని, గంటకు పైగా కదలకుండా పడుకుని ఇచ్చిన ప్లేట్‌లెట్లు, తేనె రంగు సంచీలో కళ్లముందే ఎక్కినవి, రాత్రికి రాత్రి ఎటు పోయాయి? ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. పెద్ద పెద్ద డాక్టర్లే దీని మీద దశాబ్దాల పాటు కొట్టుకున్నారు: ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు తయారవడం లేదా, తయారైనవి పోతున్నాయా అని.

అందులోకి వెళ్లేముందు ల్యాబ్ మనిషిగా ఒక మాట చెప్పుకోవాలి. రిపోర్టులో అంకె తక్కువగా ఉందంటే ఒంట్లో కూడా తక్కువగా ఉన్నట్టే అని కాదు. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొంతమంది రక్తంలో ఆ ఈడీటీఏ తగలడం వల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడతాయి, ఆ ముద్దలను మిషన్ ప్లేట్‌లెట్ల కింద లెక్కపెట్టదు, ఇరవై వేలు అని చూపించేస్తుంది, ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు. అందుకే కౌంట్ తక్కువొచ్చిన శాంపిల్‌కు స్లైడ్ వేసి కంటితో చూడాలి. స్లైడ్ చివర్లో రక్తం పల్చబడే అంచున ఊదారంగు గుంపులు కనబడితే, నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి లెక్కపెడితే చాలావరకు గుట్టు బయటపడుతుంది. ఐటీపీ స్లైడ్ వేరేగా ఉంటుంది. మైక్రోస్కోప్ కింద జరుపుకుంటూ పోతే ఎర్రకణాలు నిండుగా, తెల్లకణాలు మామూలుగా, ప్లేట్‌లెట్ మాత్రం ఎక్కడో ఒకటి, అదీ మామూలు కంటే పెద్దది, ఒక్కోసారి ఎర్రకణమంత ఉంటుంది. ప్లేట్‌లెట్లలో సాధారణంగా లేతవే పెద్దగా ఉంటాయి. అంటే మనకు కనబడినది ఎముక మజ్జ నుంచి ఇప్పుడిప్పుడే బయటపడినది. అక్కడ తయారీ ఆగిపోలేదని ఆ ఒక్క ప్లేట్‌లెట్ చెబుతోంది.

నిజానికి ప్లేట్‌లెట్ పూర్తి కణం కూడా కాదు. ఎముక మజ్జలో మెగాకేరియోసైట్ అనే భారీ కణం ఉంటుంది, దాన్నుంచి తెగి రక్తంలో పడిన తునకే ప్లేట్‌లెట్. న్యూక్లియస్ ఉండదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోజుకు దాదాపు పదివేల కోట్లు పుడతాయి, ఒక్కోటి వారం నుంచి పది రోజులు బతుకుతుంది, మొత్తంలో మూడోవంతు ఎప్పుడూ స్ప్లీన్‌లో, అంటే ప్లీహంలో, నిలవ ఉంటుంది. ఆయుష్షు తీరినవాటిని స్ప్లీన్, లివర్ తీసేస్తుంటాయి. ఐటీపీలో ఈ పది రోజుల ఆయుష్షు కాస్తా ఒకటి రెండు రోజులకు, బాగా ముదిరినప్పుడు గంటలకు పడిపోతుంది.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మున్సిపాలిటీ వాళ్లొచ్చి కూల్చాల్సిన గోడల మీద ఎర్రరంగుతో గీతలు పెట్టి పోతారు చూడండి. గీత పెట్టేవాడు వేరు, తర్వాత జేసీబీ తెచ్చేవాడు వేరు. జేసీబీ వాడు ఇల్లెవరిది, కాగితాలున్నాయా అని అడగడు, గీత కనబడితే చాలు. ఐటీపీలో జరిగేది చాలావరకు ఇదే. గీత పెట్టేది ఐజీజీ రకం యాంటీబాడీ. వై అక్షరంలా ఉండే ఆ యాంటీబాడీ రెండు చేతులతో ప్లేట్‌లెట్‌ను పట్టుకుంటుంది, తోక బయటికి ఉంటుంది. స్ప్లీన్ సందుల్లో మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలు ఉంటాయి, వాటి ఒంటి మీద ఆ తోకను పట్టుకోవడానికే ఎఫ్‌సీ గామా రిసెప్టర్లని ఉంటాయి. తోక దొరికిందా, ప్లేట్‌లెట్‌ను లోపలికి లాక్కుని మింగేస్తుంది. సూక్ష్మజీవుల విషయంలో రోజూ ఇదే పని జరుగుతుంది, దానివల్లే మనం బతుకుతున్నాం. మాక్రోఫేజ్ తన డ్యూటీ తను చేస్తోంది, తప్పల్లా గీత పెట్టినచోట ఉంది.

ఆ గీత ఎక్కడ పడుతుందో కూడా తెలుసు. ప్లేట్‌లెట్ మీద గ్లైకోప్రోటీన్ టూబీ-త్రీఏ అనే ప్రోటీన్ ఒక్కోదాని మీద ఎనభై వేల దాకా ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు ప్లేట్‌లెట్లు ఫైబ్రినోజన్‌ను పట్టుకుని ఒకదానికొకటి అల్లుకునేది దీనితోనే. పుట్టుకతోనే ఈ ప్రోటీన్ లేనివాళ్లు ఉంటారు, గ్లాంజ్‌మన్ జబ్బంటారు దాన్ని. 1982లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఐటీపీ పేషెంట్ల యాంటీబాడీలను తీసి ఈ గ్లాంజ్‌మన్ ప్లేట్‌లెట్లతో కలిపి చూశారు, చాలామంది యాంటీబాడీలు అతుక్కోలేదు. పట్టుకోవడానికి అక్కడ ఆ ప్రోటీనే లేదు మరి. ఇక పెద్దాయన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది: దాత ప్లేట్‌లెట్ల మీద కూడా అదే ప్రోటీన్ ఉంటుంది. సంచీలోంచి నరంలోకి దిగిన కాసేపటికే వాటి మీదా గీత పడుతుంది, అవీ స్ప్లీన్‌కే పోతాయి. అందుకే ఐటీపీలో ప్లేట్‌లెట్లు ఎక్కించేది ప్రాణం మీదికొచ్చే బ్లీడింగ్ ఉన్నప్పుడు, లేదా అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సినప్పుడు, అదీ మిగతా మందులతో కలిపి. కేవలం అంకె పెంచడానికి ఎక్కిస్తే డబ్బు దండగ.

ఈ సంగతి తేలిన తీరు చెప్పకుండా ఉండలేను. 1916లో ప్రాగ్‌లో పాల్ కాజ్నెల్సన్ అనే కుర్రాడు, అప్పటికింకా మెడిసిన్ చదువుతున్నాడు, స్ప్లీనే ప్లేట్‌లెట్లను నాశనం చేస్తోందేమో తీసేసి చూద్దామన్నాడు. ష్లోఫర్ అనే ప్రొఫెసర్ ఆపరేషన్ చేశాడు, ఆ పేషెంటుకు ప్లేట్‌లెట్లు పెరిగాయి. జర్మనీలో ఫ్రాంక్ అనే డాక్టరు మాత్రం ససేమిరా అన్నాడు, మజ్జ సరిగ్గా తయారు చేయకపోవడమే అసలు జబ్బు అన్నాడు. వాదన అలాగే సాగింది.

1950లో అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని బార్న్స్ హాస్పిటల్‌లో విలియం హారింగ్టన్, జేమ్స్ హాలింగ్స్‌వర్త్ అని ఇద్దరు కుర్ర డాక్టర్లు హెమటాలజీ ట్రైనింగ్‌లో ఉన్నారు. పేషెంటు రక్తంలోనే ప్లేట్‌లెట్లను పాడుచేసేది ఏదో ఉందని వాళ్ల అనుమానం. ఉంటే, ఆ రక్తం ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎక్కిస్తే వాడికీ కౌంట్ పడిపోవాలి. ఆ ఆరోగ్యవంతుడు ఎవరు? మనిద్దరిలో ఎవరి బ్లడ్ గ్రూప్ కలిస్తే వాళ్లం అనుకున్నారు. హారింగ్టన్‌ది కలిసింది. ఐటీపీ పేషెంటు రక్తం అరలీటరు ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే ప్లేట్‌లెట్లు అడుగంటాయి, ఫిట్స్ వచ్చాయి, ఒళ్లంతా కమిలిన మచ్చలు, చుక్కలు. నాలుగు రోజులు ప్రమాదకరమైన స్థాయిలోనే ఉండి, ఐదో రోజుకు మళ్లీ మామూలయ్యాయి. ఈ కథ చెప్పేవాళ్లంతా ఫిట్స్ దగ్గర ఆగిపోతారు, నాకు మాత్రం ముఖ్యం అనిపించేది ఆ మధ్యలో జరిగిన ఇంకో పని: హారింగ్టన్ రొమ్ము ఎముకలో సూది గుచ్చి మజ్జ తీసి చూశారు. మెగాకేరియోసైట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మజ్జకు ఏమీ కాలేదు, రక్తంలో తిరిగే ప్లేట్‌లెట్లే మాయమయ్యాయి. కాజ్నెల్సన్, ఫ్రాంక్ తగువు ఆ సూదితో చాలావరకు తీరిపోయింది. ఆ తర్వాత ఆ డిపార్టుమెంటులో మిగతావాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు పేషెంట్ల ప్లాస్మా ఎక్కించుకున్నారు, వాళ్లకూ పడిపోయాయి, కొందరు గట్టిగానే జబ్బుపడ్డారు. ఫలితాలు 1951లో అచ్చయ్యాయి. ఇవాళ ఇలాంటి ప్రయోగం చేస్తామంటే ఏ ఎథిక్స్ కమిటీ అయినా తలుపులేస్తుంది, వేయాలి కూడా. ప్లాస్మాలో ఉన్న ఆ పదార్థం ఐజీజీ యాంటీబాడీయేనని 1965లో షుల్మన్ బృందం చూపించింది.

అయితే యాంటీబాడీతోనే కథ అయిపోతే అందరికీ ఒకే మందు పనిచేయాలి, చేయదు. చాలామంది పేషెంట్లలో ఎంత వెతికినా యాంటీబాడీ దొరకదు, అందుకే యాంటీబాడీ టెస్టు నెగెటివ్ వచ్చిందని ఐటీపీ కాదనలేరు, డాక్టర్లు మామూలుగా ఆ టెస్టు రాయరు కూడా. కొందరిలో సీడీ8 అనే టీ కణాలు (తెల్లకణాల్లో ఒక రకం) యాంటీబాడీ ప్రమేయం లేకుండానే ప్లేట్‌లెట్లను నేరుగా చంపుతాయి. ఇంకొందరిలో యాంటీబాడీ వేరే ప్రోటీన్ మీద, గ్లైకోప్రోటీన్ వన్‌బీ మీద పడుతుంది, అలా పడినప్పుడు ప్లేట్‌లెట్ పైన ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర పదార్థం ఊడిపోతుంది, ఊడిపోయినవాటిని లివర్ కణాలు పట్టి తీసేస్తాయి. ఇలాంటి వాళ్లకు స్ప్లీన్ తీసేసినా ఆశించినంత ఫలితం లేకపోవచ్చని పరిశోధకులు అనుకోవడానికి కారణం ఇదే. అన్నిటికంటే చిక్కు ఏమిటంటే మాక్రోఫేజ్ మింగి ఊరుకోదు. మింగిన ప్లేట్‌లెట్‌ను ముక్కలు చేసి, ఆ ముక్కలను తన పైకి తెచ్చి టీ కణాలకు చూపిస్తుంది. అవి చూసిన టీ కణాలు యాంటీబాడీల తయారీ చూసే బీ కణాలను ఎగదోస్తాయి, కొత్త ముక్కల మీద కొత్త యాంటీబాడీలు పుడతాయి. ఒక ప్రోటీన్‌తో మొదలైనది నాలుగైదింటికి పాకుతుంది. మామూలుగా ఇలాంటి వాటిని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలు ఐటీపీ వాళ్లలో తక్కువగానో, నీరసంగానో ఉంటాయి.

ఫ్రాంక్ చెప్పింది కూడా పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదని తర్వాత తేలింది. మెగాకేరియోసైట్ మీద కూడా అవే ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి యాంటీబాడీలు మజ్జలోకీ పోయి దాన్నీ ఇబ్బంది పెడతాయి. పైగా ప్లేట్‌లెట్లు తయారు చేయమని మజ్జకు చెప్పే థ్రాంబోపొయిటిన్ అనే హార్మోన్ లివర్‌లో పుడుతుంది. మజ్జ ఎండిపోయిన ఎప్లాస్టిక్ అనీమియాలో ఈ హార్మోన్ విపరీతంగా పెరుగుతుంది, దాన్ని పీల్చుకునే కణాలు లేవు కనుక. ఐటీపీలో పీల్చుకునే మెగాకేరియోసైట్లు ఉన్నాయి, పుట్టిన ప్లేట్‌లెట్లూ కాస్త పీల్చుకుని దానితో సహా స్ప్లీన్‌లో మాయమవుతాయి. అందుకని కౌంట్ పది వేలున్నా హార్మోన్ దాదాపు మామూలుగానే ఉంటుంది, మజ్జ మీద రావాల్సినంత ఒత్తిడి రాదు.

ఎందుకు మొదలవుతుంది అంటే, ఎక్కువమందిలో కారణం దొరకదు. పిల్లల్లో చాలాసార్లు జలుబో, వైరల్ జ్వరమో తగ్గిన రెండు మూడు వారాలకు వస్తుంది, వైరస్ కోసం తయారైన యాంటీబాడీలు పోలిక కుదిరి ప్లేట్‌లెట్లనూ పట్టుకుంటాయని ఒక వివరణ. వాళ్లలో ఎక్కువమందికి, పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి, ఏడాది లోపు దానంతట అదే పోతుంది. పెద్దవాళ్లలో అలా కాదు, చాలామందికి సాగుతుంది. కొందరికి వెనకాల ఇంకో జబ్బుంటుంది: హెచ్ఐవీ, హెపటైటిస్ సీ, లూపస్, కొన్ని రకాల లింఫోమా. కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాకు మందు వాడితే కొందరిలో ప్లేట్‌లెట్లు పెరిగాయని 1998లో ఇటలీ డాక్టర్లు రాశారు, జపాన్‌లో ఆ వైద్యం బాగా పనిచేసింది. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు రెండిటి మీదా యాంటీబాడీలు పడితే అది ఎవాన్స్ సిండ్రోమ్. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అని ఇంకోటుంది, అందులో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కానీ రక్తం కారడం కాదు, అనవసరంగా గడ్డకడుతుంది. కాబట్టి ఐటీపీ అని చెప్పేముందు డాక్టరు ఇవన్నీ ఏరి పక్కన పెట్టాలి. పొట్ట ఎడమవైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమ్మా అంటారు గుర్తుందా, బల్ల, అంటే వాచిన స్ప్లీన్, తగులుతుందేమోనని చూస్తున్నారన్నమాట. మామూలు ఐటీపీలో స్ప్లీన్ చేతికి తగలదు. తగిలితే వేరే ఏదో వెతకాలి.

ఇప్పుడు మందులు. ఏ మందు ఎక్కడ అడ్డుపడుతుందో తెలిస్తే డాక్టరు ఎందుకు మారుస్తున్నాడో అర్థమవుతుంది. మొదట స్టెరాయిడ్లు, ప్రెడ్నిసొలోన్ రోజూ కానీ, డెక్సామెథసోన్ 40 మిల్లీగ్రాములు నాలుగు రోజులు కానీ. ఇవి మాక్రోఫేజ్ ఆకలినీ తగ్గిస్తాయి, యాంటీబాడీ తయారీనీ తగ్గిస్తాయి. ఐవీఐజీ అంటే వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఐజీజీ. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పాల్ ఇంబాక్ పిల్లలకు ఇచ్చి 1981లో దాని ఫలితాలు రాశాడు. అది మాక్రోఫేజ్ రిసెప్టర్లకు అడ్డుపడుతుంది, ఇంకా రెండు మూడు దారుల్లో కూడా పనిచేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో కౌంట్ లేస్తుంది, కానీ పెద్దవాళ్లకు బరువును బట్టి లక్ష రూపాయలు దాటడం మామూలే, ఫలితం మూడు నాలుగు వారాలకు మించి నిలవడం తక్కువ. యాంటీ-డీ ఇంజెక్షన్ మరీ తమాషా: ఆర్‌హెచ్ పాజిటివ్ వాళ్లకిస్తే అది వాళ్ల ఎర్రకణాలకు అతుక్కుంటుంది, స్ప్లీన్ వాటిని తీసే పనిలో పడి ప్లేట్‌లెట్లను వదిలేస్తుంది, ఆ మేరకు హిమోగ్లోబిన్ కాస్త తగ్గుతుంది. రిటుక్సిమాబ్ గీత పెట్టేవాళ్ల వంశాన్నే, అంటే బీ కణాలను, తీసేస్తుంది. స్ప్లీన్ తీసే ఆపరేషన్‌తో మూడింట రెండొంతుల మందికి చాలాకాలం బాగుంటుంది, కానీ ముందుగా న్యుమోకోకస్, మెనింగోకోకస్ లాంటి టీకాలు వేయించుకోవాలి, జీవితాంతం జ్వరమొస్తే తేలిగ్గా తీసుకోకూడదు. పిల్లల్లో మాదిరి దానంతట అదే తగ్గే అవకాశం పెద్దల్లో కూడా కొంత ఉంటుంది కనుక ఇప్పుడు కనీసం ఏడాది ఆగి చూస్తున్నారు.

2008లో అమెరికాలో అనుమతి వచ్చిన రోమిప్లోస్టిమ్, ఎల్ట్రాంబోపాగ్ వేరే దారి పట్టాయి. కూల్చేవాళ్ల జోలికి పోవు, మజ్జను తట్టి తయారీ పెంచుతాయి. ఎల్ట్రాంబోపాగ్ వాడేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. పాలు, పెరుగు, క్యాల్షియం, ఐరన్ మాత్రలు వీటిలో ఏది ఉన్నా ఆ మందు పేగుల్లోనే చిక్కుకుపోయి ఒంటికి పట్టదు. పాలూ పెరుగూ తిన్నాక నాలుగు గంటలు ఆగి వేసుకోవాలి, వేసుకున్నాక రెండు గంటలు వాటి జోలికి పోకూడదు. అంత ఖరీదైన మాత్ర రాత్రి పెరుగన్నం తిని చెయ్యి కడుక్కోగానే వేసుకుంటే ఏం లాభం? కౌంట్ పెరగలేదని డోసు పెంచేముందు ఎప్పుడు వేసుకుంటున్నారని ఒక్కసారి అడిగితే బాగుంటుంది.

నన్ను ఎక్కువ చికాకు పెట్టేది కౌంట్ చుట్టూ నడిచే టెన్షన్. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి రక్తం తీయిస్తారు, పన్నెండు వేలు పదకొండయితే ఇల్లంతా ఏడుపు. మిషన్‌కు ఆ స్థాయిలో వెయ్యి అటూ ఇటూ తేడా లెక్కలోది కాదు. ఐటీపీలో ఉన్న కాసిని ప్లేట్‌లెట్లు లేతవి, పెద్దవి, సాధారణంగా బాగా పనిచేస్తాయి. అందుకే డెంగీలోనో, కీమోథెరపీలోనో పది వేలున్న మనిషి పరిస్థితీ ఐటీపీలో పది వేలున్న మనిషి పరిస్థితీ ఒకటి కాదు. 2019లో అమెరికన్ హెమటాలజీ సొసైటీ ఇచ్చిన సూచనల్లో, పెద్దవాళ్లకు ముప్పై వేలు, ఆపైన ఉండి బ్లీడింగ్ లేకపోతే, ఉన్నా చర్మం మీద కొద్దిగానే ఉంటే, మందులేకుండా కనిపెట్టుకుని ఉండటమే మేలన్నారు. పిల్లలకైతే అంకె ఎంతున్నా బ్లీడింగ్ లేకపోతే చూస్తూ ఉండమనే చెప్పారు. స్టెరాయిడ్లు కూడా ఆరువారాలు మించకుండా ముగించమన్నారు. మన దగ్గర కౌంట్ లక్ష దాటాలని నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ మింగించి, మొహం ఉబ్బి, షుగర్ వచ్చి, రాత్రిళ్లు నిద్రపట్టక అల్లాడేవాళ్లను చూస్తుంటే, జబ్బు కంటే అంకె మీద భయమే వాళ్లను ఎక్కువ దెబ్బతీసిందనిపిస్తుంది.

అలాగని చూడాల్సినవి చూడకుండా వదలొద్దు. నోట్లో, బుగ్గల లోపల నల్లటి రక్తపు బొబ్బలు లేచాయంటే అదే పెద్ద హెచ్చరిక, కాళ్ల మీది చుక్కలకంటే దానికే విలువ ఎక్కువ. ఎన్నడూ లేని తలనొప్పి, వాంతులు, మత్తుగా ఉండటం, నల్లటి విరేచనం, ఆగని ముక్కు రక్తం ఇవేవి కనబడినా రాత్రి పన్నెండైనా సరే హాస్పిటల్‌కు వెళ్లాలి. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ముట్టుకోకూడదు, నొప్పికి పారాసెటమాల్ చాలు. ఆర్ఎంపీ దగ్గర తుంటి ఇంజెక్షన్లు అస్సలు వద్దు, కండలో రక్తం గడ్డకడుతుంది. ఆడపిల్లల విషయంలో ఇంకొకటుంది. ఎన్నో ఇళ్లలో నెలసరి పదిరోజులు ఆగకపోయినా "మా వంశంలో అందరికీ అంతే" అని వదిలేస్తారు, ఐటీపీకి అదే మొదటి సూచన కావచ్చు. కొద్దిపాటి ఖర్చుతో తేలే పరీక్ష, ఒక సీబీపీ (రక్తకణాల లెక్క) చేయిస్తే సరిపోతుంది.

ఏం తినాలి అని అడగనివాళ్లు లేరు. యాంటీబాడీని ఆపే పండు ఏదీ లేదు. బొప్పాయి ఆకు రసం డెంగీలో పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ, డెంగీలో ఎలాగూ నాలుగైదు రోజులకు కౌంట్ దానంతట అదే లేస్తుంది కాబట్టి ఏం తాగినా పేరు దానికే వస్తుంది. ఐటీపీ అలా లేవదు. అన్నం, పప్పు, కూర, ఇష్టమైన పండు తింటే చాలు. భయపడాల్సింది మాత్రం ఇమ్యూనిటీ పెంచే మందులకు. కరోనా తర్వాత ఇంటింటా తిప్పతీగ కషాయం అలవాటైంది. ఇక్కడ రోగనిరోధక శక్తి తక్కువై జబ్బు రాలేదు, ఉన్న శక్తే దారి తప్పింది, దాన్ని ఇంకా ఎగదోయడంలో అర్థం లేదు. తిప్పతీగ వాడినవాళ్లలో ఆటోఇమ్యూన్ తరహాలో, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద పడే తీరులో, లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి డాక్టర్లు ప్రచురించారు, ఆయుష్ శాఖ ఆ మాట ఒప్పుకోలేదు. ఆ గొడవ ఎలా తేలినా, ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అలాంటివి మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పెళ్లి, పిల్లల సంగతి కూడా అడుగుతుంటారు, ముఖ్యంగా అమ్మాయిల తల్లులు, గొంతు తగ్గించి. ఇది అంటుకునే జబ్బు కాదు, ఎక్కువమంది పిల్లల్ని కని హాయిగా ఉన్నారు. కాకపోతే ఐజీజీ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డలోకి వెళ్లగలదు, హారింగ్టన్ నరంలోకి సూదితో వెళ్లినదే ఇక్కడ బొడ్డుతాడు గుండా వెళ్తుంది. కొద్దిమంది బిడ్డలకు పుట్టినప్పుడు కౌంట్ తక్కువ ఉంటుంది, లేదా పుట్టాక రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల పడుతుంది, అందుకే బొడ్డు రక్తంలో ఒకసారి, తర్వాత కొన్ని రోజులు మళ్లీ చూస్తారు. తల్లి యాంటీబాడీలు అరిగిపోయేకొద్దీ వారాల్లో బిడ్డ కౌంట్ మామూలవుతుంది. అయితే ఎప్పుడో చిన్నప్పుడు స్ప్లీన్ తీయించుకుని ఇప్పుడు లక్షల్లో కౌంట్ ఉన్న తల్లి ఒంట్లో కూడా ఆ యాంటీబాడీలు మిగిలి ఉండొచ్చు, ఆమెకు కూల్చే చోటు పోయింది గానీ బిడ్డకు స్ప్లీన్ ఉంది కదా. కాబట్టి అలాంటి ఆపరేషన్ జరిగి ఉంటే, తగ్గిపోయిందిలే అనుకోకుండా, పాత కాగితాలతో సహా కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పండి.